సత్రం భోజనం, మఠం నిద్ర

మా వైపు పనీపాటా లేకుండా తిరిగేవాడి గురించి "వాడికేం, సత్రం భోజనం మఠం నిద్ర" అంటారు. పదో తరగతి సెలవుల్లో మా నాన్న ఆ మాట నన్ను కనీసం రోజుకోసారైనా అనేవాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ సామెత మీదకి నా బుద్ధి మళ్ళీ ఎందుకు పోయిందో చెప్పాలంటే, ముందు మా బాబాయి సంగతి చెప్పాలి.

ఆయన సొంత బాబాయి కాదు, నాన్నకి పినతండ్రి కొడుకు. ఒంగోలు దగ్గర మా ఊళ్ళో రెండెకరాల మెట్ట చేను. నేను ఇంజనీరింగులో చేరిన రోజు నా ట్రంకుపెట్టె బస్టాండు నుంచి హాస్టలు దాకా నెత్తిన పెట్టుకుని మోసింది ఆయనే. ఆ తర్వాత నేను ఉద్యోగం, ఆన్‌సైటు, పెళ్ళి, గచ్చిబౌలిలో ఫ్లాటు అంటూ నా గోలలో నేను పడిపోయాను. ఆయన్ని చూడ్డం పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ మాత్రమే.

2023 డిసెంబరులో ఒక గురువారం పొద్దున్నే, నేను మీటింగులో ఉండగా అమ్మ ఫోను. "ఒరేయ్, మీ బాబాయి ఆదివారం నుంచీ హైదరాబాదులోనే ఉన్నాడంట, కలిశావా?"

కలవడం సంగతి తర్వాత, అసలు వచ్చినట్టే నాకు తెలీదు. పిన్నికి కడుపులో గడ్డ. ఒంగోల్లో చూపిస్తే హైదరాబాదు తీసుకెళ్ళమన్నారట. నగరం మధ్యలో ఉన్న ఒక పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆడవాళ్ళ వార్డు కాబట్టి రాత్రిపూట పక్కన ఒక ఆడమనిషికే అనుమతి. మా చెల్లెలు (బాబాయి కూతురు) లోపల ఉంది. మరి బాబాయి ఎక్కడ పడుకుంటున్నాడు?

ఆ రాత్రి పదిన్నరకి వెళ్ళాను. ఆసుపత్రి గోడ పొడవునా ఫుట్‌పాత్ మీద వరసగా మనుషులు. బిచ్చగాళ్ళు కారు. పక్కన స్టీలు క్యారియర్లు, నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఎక్స్‌రేలు, స్కానింగు ఫైళ్ళు. సంచీ ఎవరూ ఎత్తుకుపోకుండా దాని పట్టీ చేతికి చుట్టుకుని పడుకున్నారు. మా బాబాయి ఎవరిదో రాజకీయ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కింద పరుచుకుని, మంకీ క్యాపు పెట్టుకుని, దుప్పటి తలమీదకి లాక్కుని ఉన్నాడు. లేపితే ఉలిక్కిపడి లేచి, నన్ను చూసి అన్న మొదటి మాట: "ఏరా, ఇంత రాత్రప్పుడొచ్చావు, అన్నం తిన్నావా?"

నాకు గొంతు పెగల్లేదు. నిజంగానే.

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు బాబాయ్?" అంటే "నీకెందుకులే ఇబ్బంది. అయినా మీరుండేది ఎక్కడో ఆ చివర కదా" అన్నాడు. నేను మొదటి ముక్కే విన్నాను. రెండో ముక్క అప్పుడు చెవికెక్కలేదు. బలవంతంగా కారెక్కించి ఇంటికి తీసుకొచ్చేశాను. వేణ్ణీళ్ళ స్నానం, వేడి అన్నం, ఏసీ గది. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను, పెద్ద మంచిపని చేశానని.

పొద్దున్న ఏడున్నరకి చెల్లెలు ఫోను. పిన్నిని ఆపరేషన్‌కి తీసుకెళ్తారట, రక్తం ఏర్పాటు చెయ్యాలి, సంతకాలు పెట్టాలి, వెంటనే రమ్మంటున్నారు. గచ్చిబౌలి నుంచి అక్కడికి ఇరవై కిలోమీటర్లు. శుక్రవారం పొద్దున్న ట్రాఫిక్కు మీకు నేను చెప్పక్కర్లేదు. గంటన్నర పట్టింది. మేం చేరేసరికి పిన్ని పేరు వెనక్కి జరిగింది, ఆపరేషన్ సోమవారానికి పడింది. ఇందులో ఆసుపత్రి తప్పేం లేదు, వెనకాల లైన్లో ఎంతమంది ఉన్నారో కళ్ళారా చూశాను. బాబాయి నన్ను ఒక్క మాటా అనలేదు. సాయంత్రం మాత్రం మెల్లిగా "నేనిక్కడే ఉంటాలేరా, నువ్వెళ్ళు" అన్నాడు.

అప్పుడు వినపడింది ఆ రెండో ముక్క. "ఎక్కడో ఆ చివర కదా."

చుట్టాలు లేక కొంతమంది ఫుట్‌పాత్ మీద పడుకుంటారు, చుట్టాలుండీ కొంతమంది పడుకుంటారు. ఎందుకంటే వాళ్ళకి కావలసింది ఇల్లు కాదు. పిలిస్తే పది నిమిషాల్లో వార్డు ముందు నిలబడగలిగే చోటు. నా మూడు పడగ్గదుల ఫ్లాటు ఆ లెక్కలో ఎందుకూ పనికిరాదు. అంతకంటే ఆసుపత్రి పక్కన ఒక మంచం, ఒక దుప్పటి, ఒక కుళాయి నయం.

సరే, సమస్య తెలిసింది కదా, పరిష్కారం వెతుకుదాం అని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను (మన జాతి లక్షణం). దగ్గర్లో లాడ్జీలు ఉన్నాయి, డబ్బు నేను కడతాను అన్నా బాబాయి ససేమిరా అన్నాడు. కాబట్టి ప్రభుత్వం తరఫున ఏముందో చూద్దామని మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆశ్చర్యం. మన దగ్గర రూల్సు లేక కాదు, చాలా మంచి రూల్సే ఉన్నాయి.

ఆహార హక్కు కేసు అని 2001లో పీయూసీఎల్ సంస్థ సుప్రీంకోర్టులో వేసింది. బళ్ళలో వండిన మధ్యాహ్న భోజనం దేశమంతా రావడానికి ఆ కేసులో ఇచ్చిన ఉత్తర్వులే కారణం. ఢిల్లీ చలిలో ఒక రాత్రి బసను కూల్చేస్తే, ఆ కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు 2010 జనవరిలో కోర్టుకి ఉత్తరం రాశారు. దాంతో ఢిల్లీకే కాదు, అన్ని రాష్ట్రాలకీ ఆదేశాలొచ్చాయి. 5 లక్షల జనాభా దాటిన పెద్ద నగరాల్లో ప్రతి లక్ష మందికీ 100 మంది పట్టే ఒక షెల్టరు ఉండాలి. ఏడాది పొడవునా, ఇరవైనాలుగ్గంటలూ తెరిచి ఉండాలి, చలికాలంలో మాత్రమే కాదు. 2013లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో పట్టణ నిరాశ్రయుల కోసం ఒక భాగం పెట్టారు. మనిషికి కనీసం 50 చదరపు అడుగులు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, వంటగది, ఇవన్నీ అందులో రాశారు. (నా క్యూబికల్ అంతకన్నా చిన్నది.) అంతేకాదు, అక్కడున్నవాళ్ళకి గుర్తింపు కాగితాలు, ఒక చిరునామా ఇప్పించే పని కూడా షెల్టరుదే అన్నారు.

లెక్క మనకి అలవాటే కదా. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాదు కార్పొరేషన్ జనాభా 67 లక్షల పైచిలుకు. అంటే అరవైఏడు షెల్టర్లు. అందులో సగం కూడా ఏనాడూ లేవు. అందునా రోగుల తాలూకు వాళ్ళ కోసమని కొన్ని పెద్దాసుపత్రుల దగ్గర కట్టినవి కొన్నే. ఉన్నవి ఎక్కడున్నాయో చెప్పే జాబితా నాకు దొరికింది కానీ, అది ఎప్పటి పీడీఎఫ్ఫో. అందులో ఉన్న ఫోన్ నంబర్లు మూడింటికి చేశాను. ఒకటి లేదంది, ఒకటి మోగింది, ఒకటి ఎవరో పెళ్ళిపందిళ్ళాయనది.

చివరికి షెల్టరు దొరికింది లాప్‌టాప్‌లో కాదు. శనివారం సాయంత్రం ఆసుపత్రి ఎదురుగా టీ తాగుతూ కొట్టాయన్ని అడిగితే, టీ వడకడుతూనే గడ్డంతో అటు చూపించాడు. "ఆ సందులోకి పోయి ఎడమ చేతికి తిరుగు సార్." నడిస్తే ఎనిమిది నిమిషాలు. బాబాయి ఆరు రోజులుగా ఆ కొట్లోనే టీ తాగుతున్నాడు. ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు.

లోపల ముప్ఫై దాకా ఇనప మంచాలు, ఉతికిన దుప్పట్లు, గోడకి చిన్న టీవీ, సామాన్లు పెట్టుకునే అరలు. మగవాళ్ళకి మాత్రమే. కేర్‌టేకర్ రిజిస్టరు తీసి పేరు, ఊరు రాసుకుని ఆధార్ అడిగాడు. ఆధార్ పిన్ని ఫైల్లో ఉంది, ఫైలు వార్డులో ఉంది, వార్డులోకి ఇప్పుడు పోనివ్వరు. ఇక అయిపోయింది అనుకున్నాను. ఆయన ఒక్క నిమిషం బాబాయి వైపు చూసి, "పెద్దాయనా, ఈ పూటకి పడుకో. రేపు తెచ్చి చూపించు" అన్నాడు. రూలు పుస్తకంలో ఏముందో నాకు తెలీదు కానీ, ఆ మాట అనాల్సిన చోట అన్నాడు.

అసలు అడ్డంకి తర్వాత వచ్చింది. బాబాయి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "ఇది దిక్కూమొక్కూ లేనోళ్ళు ఉండేది కదరా. నాకు నువ్వున్నావు, ఊళ్ళో ఇల్లుంది" అన్నాడు. ఫుట్‌పాత్ మీద ఆరు రాత్రులు పడుకున్న మనిషి, మంచం చూసి పరువు గురించి ఆలోచిస్తున్నాడు! నవ్వొచ్చింది, వెంటనే నవ్వు పోయింది కూడా. ఫుట్‌పాత్ మీద ఆయన 'ఆసుపత్రికొచ్చిన మనిషి'. రిజిస్టర్లో పేరెక్కితే 'నిరాశ్రయుడు'. ఆ మాట బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటే ఎవరికి మాత్రం లోపలికి వెళ్ళబుద్ధేస్తుంది? ఇంతలో లోపల మంచం మీదున్న మహబూబ్‌నగర్ పెద్దాయన ఒకాయన "రా అన్నా, నా కొడుకు కూడా గదే దవాఖానల ఉన్నడు. ఇరవై దినాలాయె" అని పక్క మంచం మీదున్న తన సంచీ తీసి చోటిచ్చాడు. బాబాయి చెప్పులు విప్పాడు.

భోజనం దగ్గర మాత్రం ఆయనకి ఈ మొహమాటం లేదు. నేను వెళ్ళకముందు నుంచే అయిదు రూపాయల భోజనం తింటున్నాడు. "కూర బాగుంటదిరా, పచ్చడి కూడా ఏస్తారు" అని నాకే చెప్పాడు. హైదరాబాదులో ఈ భోజనం 2014లో మొదలైంది. వంట హరేకృష్ణ మూవ్‌మెంట్ వాళ్ళది, తినేవాడు ఇచ్చేది 5 రూపాయలు, మిగతాది కార్పొరేషన్ భరించేది. అన్నపూర్ణ అన్న పేరుతో నడిచి 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లయింది, ఉదయం టిఫిను కూడా చేర్చారు. 2022 మేలో నగరంలోని 18 పెద్ద ప్రభుత్వాసుపత్రుల దగ్గర రోగుల తాలూకు వాళ్ళకి మూడు పూటలా 5 రూపాయల లెక్కన పెట్టడం మొదలుపెట్టారు. అటు తమిళనాడులో అమ్మ క్యాంటీన్లు 2013లో, ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2018లో వచ్చాయి. అన్న క్యాంటీన్లు 2019లో ప్రభుత్వం మారాక మూతపడి, మళ్ళీ 2024 ఆగస్టులో తెరుచుకున్నాయి. పేరు చూసి పార్టీ చెప్పెయ్యచ్చు కదా. ఆకలికి ఏ పార్టీ అయితేనేం అనుకుంటాం గానీ, పేరు మారినప్పుడల్లా తాళం పడితే ఆ మధ్యలో పస్తులుండేది ఎవరో కూడా చూసుకోవాలి.

అన్నం ఇంత సులువుగా దొరికినప్పుడు నిద్ర ఎందుకు దొరకదు? నాకు తోచింది చెప్తాను. అన్నం ఊరి చివర ఒక పెద్ద వంటశాలలో వండి వ్యానులో తేవచ్చు. తినేవాడు పది నిమిషాల్లో తిని వెళ్ళిపోతాడు. ఎవరు నువ్వు అని అడగక్కర్లేదు. నిద్ర అలా కాదు. దాన్ని వ్యానులో తేలేం. స్థలం కావాలి, అదీ ఆసుపత్రుల పక్కన, స్టేషన్ల పక్కన, అంటే గజం ఖరీదు ఆకాశంలో ఉండేచోట. రాత్రంతా మేలుకునే మనిషి కావాలి, వాడికి జీతం కావాలి. నల్లులు పట్టకుండా చూడాలి. చుట్టుపక్కల వాళ్ళు "మా వీధిలో వద్దు" అనకుండా ఉండాలి. అన్నం పెడితే ఫోటోకి బావుంటుంది. తెల్లవారుజామున మూడింటికి తాగొచ్చినవాణ్ణి సముదాయించే కేర్‌టేకర్‌ని ఎవరూ ఫోటో తియ్యరు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2017 నవంబరులో మన హైటెక్స్ పక్కనే అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది, గుర్తుందా? ఇవాంకా ట్రంప్ వచ్చింది. సదస్సుకి ముందు నగరంలో రెండు నెలలపాటు భిక్షాటన నిషేధించి, సిగ్నళ్ళ దగ్గర ఉన్నవాళ్ళని పట్టి షెల్టర్లకి తరలించారు. అప్పుడు నేను ఆఫీసుకి వెళ్తూ రోడ్లు శుభ్రంగా ఉన్నాయని సంతోషించాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి. షెల్టరు అంటే మనుషుల్ని కనపడకుండా చేసే చోటు అని మనమే అనుకుంటే, ఆ గుమ్మం ముందు మా బాబాయి ఆగిపోవడంలో వింతేముంది?

అందుకే సామెత గుర్తొచ్చింది. సత్రం భోజనం, మఠం నిద్ర. అది సోమరిపోతులకి తిట్టు ఎప్పుడయిందో గానీ, ఒకప్పుడు కాలినడకన ఊరు దాటిన ప్రతివాడి బతుకూ అదే. తీర్థానికి వెళ్ళేవాడు, కోర్టు పనిమీద వెళ్ళేవాడు, చదువుకోడానికి వెళ్ళేవాడు, అందరూ సత్రంలో తిన్నవాళ్ళే. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకి వండి పెట్టి పేరు తెచ్చుకుంది. అలాగని ఆ రోజులే బంగారం అని నేననను. చాలా సత్రాల్లో కులాన్ని బట్టి పంక్తి, కొందరికి గుమ్మం బయటే. అయిదు రూపాయల క్యూలో ఆ ప్రశ్న లేదు, షెల్టర్లో పక్క మంచం వాడిది ఏ కులమో మా బాబాయికి ఇప్పటికీ తెలీదు. ఆ ముక్క మనం గెలిచాం. పరాయి ఊళ్ళో అవసరం పడ్డవాడు పరాయివాడి చేతి అన్నం తినడం, పరాయి చూరు కింద పడుకోవడం నామోషీ కాదన్న ఇంగితాన్ని మాత్రం ఎక్కడో పారేసుకున్నాం.

నేను కొన్నాళ్ళు న్యూజెర్సీలో ఉన్నాను. అక్కడ 211 అని ఒక నంబరుంది. ఈ రాత్రికి ఎక్కడ పడుకోవచ్చు, దగ్గర్లో తిండి ఎక్కడ దొరుకుతుంది అని అడిగితే చెప్తారు. అక్కడా కష్టాలు బోలెడు, అది వేరే కథ. కానీ ఆ ఒక్క నంబరు సంగతి మనకి అర్థం కానిదేం కాదు. 2005లో 108 మన హైదరాబాదులోనే, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అధిపతి పూనికతోనే కదా మొదలైంది. రోగిని ఆసుపత్రికి తేవడానికి 108 ఉంది. రోగి వెంట వచ్చినవాడికే ఏమీ లేదు.

మన ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ వాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు, ఇంట్లో పనిమనుషులు, ఊర్నించి ఫోన్ చేసే చుట్టాలు, ఎవరికో ఒకరికి అవసరం పడుతుంది. అందుకని నేను తెలుసుకున్నవి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఒకటి. ఆసుపత్రికి బయల్దేరేవాళ్ళకి చెప్పండి: ఆధార్ నకళ్ళు రెండు, ఒకటి రోగి ఫైల్లో, ఒకటి తోడొచ్చినవాడి జేబులో. 

రెండు. షెల్టరు కోసం నెట్టులో వెతక్కండి. ఆసుపత్రి సెక్యూరిటీ వాణ్ణి, టీ కొట్టువాణ్ణి, ఆటోవాళ్ళని అడగండి. మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ వేర్వేరుగా ఉంటాయి, ముందే కనుక్కోండి. 

మూడు. ఇంట్లో హింస భరించలేక బయటికొచ్చిన ఆడవాళ్ళకి 181. సఖి కేంద్రాల్లో అయిదు రోజుల దాకా తలదాచుకోవచ్చు, అక్కణ్ణించి పై ఏర్పాటు చూస్తారు. పెద్దవాళ్ళకి 14567, పిల్లలకి 1098. 

నాలుగు. ఎక్కువ రోజులు ఉండాల్సొచ్చి గది తీసుకుని వండుకునేవాళ్ళు, ఊళ్ళో ఉన్న రేషన్ కార్డు మీద కేంద్రం ఇచ్చే బియ్యం ఇక్కడి చౌకదుకాణంలోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఈ పద్ధతి 2019 ఆగస్టులో దేశంలో మొదటిసారి పెట్టిన రెండు జంటల్లో ఒకటి ఆంధ్ర, తెలంగాణలే (రెండోది గుజరాత్, మహారాష్ట్ర). తలకి నెలకి 5 కిలోలు, 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం. ఇది దయ కాదు, చట్టం.

పిన్నికి ఆపరేషన్ బాగానే జరిగింది. బాబాయి ఆ షెల్టర్లో పదకొండు రాత్రులు పడుకున్నాడు. మధ్యలో ఒక రాత్రి రెండింటికి పిలుపొస్తే ఎనిమిది నిమిషాల్లో వార్డు ముందున్నాడు. వెళ్ళే రోజు తన దుప్పటి మడిచి మంచం మీద పెట్టి, కేర్‌టేకర్ చేతిలో వంద రూపాయలు పెట్టబోతే ఆయన తీసుకోలేదట. బస్సెక్కేముందు నాతో "మొదటిరోజే తెలిసుంటే బాగుండేదిరా, మీ పిన్ని నా గురించే బెంగపెట్టుకుంది" అన్నాడు. ఆవిడ కడుపులో గడ్డతో మంచం మీద పడుకుని, బయట చలిలో ఉన్న మొగుడి గురించి బెంగపెట్టుకుందన్నమాట.

ఆ ఆదివారం ఒక కాగితం తయారుచేశాను. ఆసుపత్రి గేటు నుంచి షెల్టరుకి దారి, బాణం గుర్తులతో, తెలుగులో, ఉర్దూలో, హిందీలో. 'నిరాశ్రయులు' అన్న మాట వాడలేదు. 'రోగుల వెంట వచ్చినవారు రాత్రి పడుకోవడానికి' అని రాశాను. కేర్‌టేకర్‌కి చూపిస్తే ఉర్దూలో ఒక తప్పు దిద్దాడు. టీ కొట్టు గోడకి ఒకటి, మందుల షాపు పక్కన ఒకటి అంటించాను. పాతికేళ్ళ సర్వీసులో నేను రాసిన డాక్యుమెంట్లలో జనం నిజంగా చదివింది అదొక్కటే అనుకుంటా.

నెలకోసారి అటు వెళ్ళి చూస్తుంటాను. మూడింట రెండుసార్లు చిరిగిపోయో, దాని మీద సినిమా పోస్టరు పడో ఉంటుంది. బ్యాగులో ఇంకో పది ఉంటాయి, మళ్ళీ అంటించి, టీ తాగి వచ్చేస్తాను.